పాదం గాయం క్లెయిమ్ కొట్టేశారు, వైజాగ్ నుంచి అప్పీలు ఎలా?

ఎంవీపీ కాలనీ (కొత్త సభ్యుడు): అందరికీ నమస్కారం. అమెరికా ఆర్మీ నుంచి డిశ్చార్జి అయి ఈమధ్యే వైజాగ్ వచ్చాను. సర్వీసులో కుడి పాదానికి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది. వీఏ, అంటే మాజీ సైనికుల సంగతి చూసే అమెరికా ప్రభుత్వ శాఖ, నా వైకల్య భత్యం క్లెయిమ్ కొట్టేసింది. లాయర్ని పెట్టుకోవాలా?

సీతమ్మధార: లాయరు సంగతి తరవాత తమ్ముడూ, ముందు డెసిషన్ లెటర్లో కారణం చదువు. వాళ్ళకి కావలసినవి మూడు. ఇప్పుడు జబ్బుందని డయాగ్నోసిస్, సర్వీసులో దెబ్బ తగిలిన రికార్డు, ఈ రెండింటినీ కలిపే డాక్టరు మాట. మూడోదాన్ని నెక్సస్ అంటారు, ఎక్కువగా లేకుండా పోయేది అదే. లేకపోతే సంపాదించి సప్లిమెంటల్ క్లెయిమ్ వెయ్యి, ఫారం 20-0995.

డల్లాస్: దానికంటే హయ్యర్ లెవెల్ రివ్యూ మేలు, 20-0996. సీనియరు చూస్తాడు, ఫోన్లో మన వాదన కూడా వింటాడు.

సీతమ్మధార: వింటాడు గానీ కొత్త కాగితం ఒక్కటీ తీసుకోడు అన్నా. ఫైల్లో నెక్ససే లేనప్పుడు పెద్దాయన చూస్తే ఏం, చిన్నాయన చూస్తే ఏం? ఉన్న కాగితాన్ని వాళ్ళు పట్టించుకోనప్పుడే ఆ దారి.

డల్లాస్: సరే, సప్లిమెంటలే వెయ్యమను. దానికి గడువు లేదు, నిదానంగా చేసుకోవచ్చు.

గాజువాక: అలా చెప్పకండి సార్, కుర్రాడు నష్టపోతాడు. లెటరు తేదీ నుంచి ఏడాదిలోపు వేస్తేనే మొదటి క్లెయిమ్ తేదీ నిలుస్తుంది. దాటితే గెలిచినా డబ్బు కొత్త తేదీ నుంచే లెక్క. మిగతా రెండు దారులకీ, అంటే హయ్యర్ లెవెల్‌కీ వీఏ అప్పీళ్ళ బోర్డుకీ, ఏడాదే గడువు.

బాబూ, ఫారం 20-10206తో నీ క్లెయిమ్ ఫైలు తెప్పించుకో. వాళ్ళ ఎగ్జామినరు నీకు వ్యతిరేకంగా ఏం రాశాడో అందులో ఉంటుంది, మన డాక్టరు జవాబు చెప్పాల్సింది దానికే. కేజీహెచ్ ఓపీ చీటీ చాలదు. ఆర్థోపెడిక్ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద టైపు చేయించు. సర్వీసు రికార్డులు చదివానని, ఏ తేదీవో రాయాలి. ఎక్స్‌రే నిలబెట్టి తీయించు, పాదం మీద బరువు పడితేనే వంపు తెలుస్తుంది. చివర్లో ‘ఎట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్’ అని ఉండాలి, సగానికి సగం అవకాశమన్నమాట. ‘మే బీ’ అంటే కొట్టేస్తారు. ఎందుకలా అనుకుంటున్నాడో కూడా రాయమను. మన డాక్టర్లు ఒక్క వాక్యం రాసి స్టాంపు కొట్టేస్తారు, కారణం చెప్పని లెటరుకి విలువ లేదు.

మధురవాడ: చేరేటప్పటి మెడికల్‌లో, డీడీ 2808లో, ఫ్లాట్ ఫీట్, అంటే పాదం అడుగున వంపు లేదని, రాశారేమో చూసుకో తమ్ముడూ.

డల్లాస్: ఫ్రాక్చర్ గురించి అడిగితే ఫ్లాట్ ఫీట్ ఎందుకమ్మా?

మధురవాడ: నొప్పంతా దానివల్లేనని తోసేస్తారు కాబట్టి! అది ముందే ఉన్నా సర్వీసులో ముదిరిందని చూపిస్తే దానికీ క్లెయిమ్ ఉంది. ఇంకోటి, వీఏ తరఫున డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ‘పర్లేదండి’ అనొద్దు, మనకది ఊతపదం. నొప్పి ఎక్కువైన రోజు ఎంత దూరం నడవగలవు, ఎంతసేపు నిలబడగలవు, అది చెప్పు. పాదం గాయాలకి వీఏ రేటింగ్ కోడ్ 5284 కింద 10, 20, 30 శాతం వైకల్యం ఇస్తారు, తీవ్రతని బట్టి. నీతో పనిచేసినవాళ్ళ చేత సాక్షి వాంగ్మూలం ఫారం 21-10210 రాయించు.

గాజువాక: లాయరు విషయం. మొదటి క్లెయిమ్‌కి ఫీజు తీసుకోకూడదు, తిరస్కరణ తరవాత తీసుకోవచ్చు. వీఏ గుర్తింపు ఉన్నవాళ్ళే అయ్యుండాలి. వెటరన్ సంఘాల ప్రతినిధులు ఉచితంగానే చేస్తారు, ఫారం 21-22 మీద సంతకం పెడితే చాలు. ఇండియా నుంచి వేసినవి పిట్స్‌బర్గ్ ఆఫీసు చూస్తుంది.

సీతమ్మధార: ఇక్కడి ఆసుపత్రి బిల్లులు పారేయకు. క్లెయిమ్ నెగ్గాక ఆ పాదం వైద్యం ఖర్చుకి వీఏ వాళ్ళ ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్‌లో పెట్టుకోవచ్చు, అందులో రిజిస్ట్రేషన్ ఫారం 10-7959ఎఫ్-1.