నాటికలో ఆరాలు తీసే పెద్దమ్మ: ఉంచాలా, మార్చాలా?

కావలి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము కావలిలో ఇరవై నాలుగు ఫ్లాట్లున్న అపార్టుమెంటులో ఉంటున్నాము. సంక్రాంతికి అందరం కలిసి వేసుకోవడానికి నేను నలభై నిమిషాల నాటిక ఒకటి రాశాను. మూడో అంతస్తులో ఒకరింట్లో బంగారు గొలుసు పోతుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి చేతిలో ఏ సంచి ఉందో, ఎవరింట్లో ఆ పూట ఏం కూర వండారో కూడా తెలిసిన కింది ఇంటి పెద్దమ్మ చివరకు దొంగను పట్టిస్తుంది. మొదటి సగంలో ఆమెను చూసి జనం నవ్వాలని, రెండో సగంలో ఆమె మాట నమ్మాలని నా ఉద్దేశం.

రిహార్సల్లో మొదటి సగం బాగా పండింది. “యాడికి పోతుండావు నాయనా, సంచి బరువుగా ఉండాదే?” అని ఆమె మెట్ల దగ్గర అడిగినప్పుడల్లా పిల్లలు పగలబడి నవ్వారు. అయితే గొలుసు సంగతి తేల్చే ఘట్టానికి వచ్చేసరికి ఎవరికీ నమ్మకం కుదరలేదు. అంతసేపూ నవ్వులపాలైన మనిషి ఉన్నట్టుండి అంత తెలివైనది ఎలా అయిందని అడిగారు. ఆమె స్థానంలో కాలేజీలో చదివే చురుకైన అమ్మాయిని పెడదామని కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు. టీవీ హాస్య ధారావాహికల్లోనూ, అపరాధ పరిశోధన కథల్లోనూ ఇలాంటి పాత్రలు ఎన్నో ఉన్నాయి కదా, ఈ రెండు పనులూ ఒకే మనిషి చేత చేయించడం సాధ్యమేనా?

నెల్లూరు, దర్గామిట్ట నుంచి:

అమ్మా, దయచేసి ఆ పెద్దమ్మను తీసేయకండి. మీ కుర్రవాళ్లు ఇచ్చిన సలహానే 1928లో లండన్ నాటకరంగం అమలు చేసింది. ఇంగ్లీషు అపరాధ పరిశోధన రచయిత్రి అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ నవలలో కథ చెప్పే డాక్టరుగారికి కారొలిన్ అనే అక్క ఉంటుంది. పెళ్లి చేసుకోని ఆ పెద్దావిడ ఇల్లు కదలనక్కర లేకుండానే, పనిమనుషులూ సరుకులు తెచ్చేవాళ్లూ మోసుకొచ్చే కబుర్లతో ఊరి సంగతులన్నీ గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఆ నవలను ‘ఎలిబై’ అనే పేరుతో నాటకంగా మార్చినప్పుడు కారొలిన్‌ను తప్పించి, ఆ చోట ఒక అందమైన పడుచుపిల్లను పెట్టారు. క్రిస్టీకి అది ఎంతో కష్టం కలిగించింది. నేరాల గుట్టు విప్పే పెద్దావిడ మిస్ మార్పుల్ పాత్ర బహుశా కారొలిన్‌ను చిత్రించడంలో తాను పొందిన ఆనందంలోంచే పుట్టి ఉంటుందని ఆమె ఆ తరువాత తన ఆత్మకథలో రాసుకున్నారు.

మిస్ మార్పుల్ కనిపించే మొదటి నవల 1930లో వచ్చింది. అందులో ఆమెకు తోటపని ఒక తెర. పక్షులను చూసే అలవాటు పేరుతో చేతికి వచ్చిన దుర్భిణి మరొక సాధనం. మన పెద్దమ్మలు వసారాలో కూర్చుని చింతపండులో గింజలు, ఈనెలు తీస్తూ వీధినంతా చూడగలరు. చేతులకు పని ఉంటే కళ్లు ఎటు తిరుగుతున్నాయో ఎవరూ పట్టించుకోరు. బీబీసీ వారు 1984 నుంచి 1992 వరకు మార్పుల్ నవలలు పన్నెండింటినీ జోన్ హిక్సన్ అనే నటి చేత టీవీకి తీశారు. వీలైతే మీ పాత్రధారిణికి అవి చూపించండి. హిక్సన్ చాలాసేపు మాట్లాడరు. ఎదుటివాళ్లు ఈ ముసలావిడే కదా అనుకుని ఆమె ముందు అన్నీ మాట్లాడేస్తారు. కాలేజీ అమ్మాయిని పెడితే, ఆమె గదిలోకి రాగానే అందరూ జాగ్రత్త పడతారు. మీ కథకు ఆధారమే పోతుంది.

ఒంగోలు నుంచి:

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, కాని హాస్యం వైపు ఒక మాట చెప్పాలి. అమెరికాలో 1964 నుంచి 1972 వరకు వచ్చిన ‘బివిచ్డ్’ ధారావాహికలో గ్లాడిస్ క్రావిట్జ్ అనే పొరుగింటావిడ ఉంటుంది. ఎదురింటి సమంతా మంత్రగత్తె. ఆ ఇంట్లో వస్తువులు మాయమవడం, మనుషులు ఉన్నట్టుండి ప్రత్యక్షమవడం క్రావిట్జ్ కిటికీలోంచి తన కళ్లతో చూస్తుంది. “ఆబ్నర్! ఆబ్నర్!” అని భర్తను కేకేస్తుంది. ఆయన తీరిగ్గా వచ్చి చూసేసరికి అక్కడ అంతా మామూలుగా ఉంటుంది. గమనించండి, ఆమె ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. అంతటి నిజం చూసి కూడా ఎవరినీ నమ్మించలేకపోయిందనే మనం నవ్వుతాము. ఆ పాత్ర వేసిన ఆలిస్ పియర్స్ 1966లో కన్నుమూశారు, అదే ఏడాది ఆమెకు మరణానంతరం అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారం దక్కింది.

కాబట్టి మీ మొదటి సగంలో తప్పు ఎక్కడ ఉందో నేను ఊహించగలను. పెద్దమ్మ అడిగే ప్రశ్నలు నవ్వు పుట్టిస్తున్నాయి సరే, వాటిలో నిజం ఉందా? సంచి బరువుగా ఉందని ఆమె అన్న మాటే తరువాత ఆధారం కావాలి. అప్పుడు ఆమె ఉన్నట్టుండి తెలివైనది కానక్కర లేదు, మొదటి నుంచీ ఆమె చెప్పింది నిజమేనని ప్రేక్షకులకే తెలుస్తుంది.

కందుకూరు నుంచి:

ఇక్కడ అందరూ ఆరాలు తీసేవారి పక్షానే మాట్లాడుతున్నారు గనుక నా అనుభవం చెప్పాలనిపించింది. మా వీధిలో అలాంటి పిన్నమ్మ ఒకరు ఉండేవారు. ఒక ధనుర్మాసం తెల్లవారుజామున, అన్ని వాకిళ్లలో ముగ్గులూ గొబ్బెమ్మలూ వెలిసిన వేళ, ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ వాకిట్లో కళ్లాపి పడలేదని, పాలప్యాకెట్టు గేటుకే వేలాడుతోందని ఆమె కనిపెట్టారు. వెళ్లి తలుపు కొట్టారు. పలకకపోతే నలుగురిని పిలిచి గడియ విరగగొట్టించారు. లోపల ఆ ముసలావిడ స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, రాత్రంతా నేల మీదే ఉన్నారు. ఇంకొక పూట ఆలస్యమైతే ఏమయ్యేదో.

అదే పిన్నమ్మ, మా అక్కను చూసుకోవడానికి వచ్చినవాళ్లు వాకబు చేసినప్పుడు, అంతకుముందు ఒక సంబంధం ఎందుకు తప్పిపోయిందో తాను ఊహించుకున్నదంతా నిజమన్నట్టు చెప్పారు. ఆ సంబంధం కూడా తప్పిపోయింది. మా అమ్మ ఆమెతో ఆరేళ్లు మాట్లాడలేదు. ఆ ముసలావిడ విషయంలో చేతులెత్తి దండం పెట్టింది కూడా మా అమ్మే.

చూసే కళ్లు రెండుసార్లూ ఒక్కటే. తేడా అంతా, చూసినదాన్ని ఎవరితో, ఎప్పుడు చెప్పారన్న దగ్గర ఉందని నాకు అనిపిస్తుంది. క్రావిట్జ్ చూసిన మరుక్షణం కేక పెడుతుంది. మార్పుల్ రూఢి అయ్యేవరకు నోరు విప్పదు. మీ పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదని మొదటి సగంలో చూపించారు గదా, అలాంటి మనిషి ఒక్కసారి మాట ఆపుకుంటే అందరూ ఆమెవైపు తిరుగుతారు. ఒకరి మీద ఊరికే నింద పడితే ఏమవుతుందో ఆమెకు తెలిసి ఉండాలి. వీలైతే అలాంటి తప్పు ఒకటి గతంలో ఆమె చేసినదే కావాలి.

కావలి నుంచి, ప్రశ్న అడిగినవారు:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. కందుకూరు వారి మాటలు చదివాక నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చుని మధ్య ఘట్టం తిరగరాశాను. సంచి మాట అలాగే ఉంచాను, ఇప్పుడు అదే ఆధారం. గొలుసు పోయిన సాయంత్రం అందరూ పనిమనిషినే అనుమానించి, పెద్దమ్మ చుట్టూ చేరి “నీకు తెలియకుండా ఉంటుందా, చెప్పు” అని అడుగుతారు. ఆమెకు అసలు మనిషి ఎవరో అప్పటికే సగం తెలుసు. ఏళ్ల కిందట తాను తొందరపడి అన్న మాట వల్ల పని పోగొట్టుకున్న ఒకామె ఆమెకు గుర్తుకొస్తుంది. “నాకేం తెలియదమ్మా” అని, ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే తన తలుపు మొదటిసారి మూసుకుంటుంది. ఈ ఆదివారం మళ్లీ రిహార్సల్ పెట్టుకున్నాము. ఆ పాత్ర వేస్తున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడకు ఫోనులో చదివి వినిపిస్తే, తలుపు మూసేముందు మెట్లవైపు ఒకసారి చూడవచ్చా అని అడిగారు. చూడమన్నాను.