నిజాంపేటలో పాత ఫ్లాటు కొనాలి, ఏజెంటును దేన్ని బట్టి నమ్మాలి?

అమ్మానాన్నల కోసం హైదరాబాద్ నిజాంపేటలో పదేళ్ల నాటి ఫ్లాటు ఒకటి చూశాం. నాన్నగారి పదవీ విరమణ సొమ్మంతా దీనికే పెడుతున్నాం కాబట్టి భయంగా ఉంది. చూపించిన ఏజెంటు మర్యాదస్తుడే. కానీ లింకు డాక్యుమెంట్ల (ఫ్లాటు ఇంతకుముందు చేతులు మారిన పత్రాల) నకళ్లు, ఈసీ (ఆస్తిపై తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) అడిగితే "ముందు లక్ష టోకెన్ ఇవ్వండి, రేపు ఇంకొకరు వస్తున్నారు" అంటున్నారు. యజమానితో నేరుగా మాట్లాడనివ్వడం లేదు. మా దగ్గర ఒక శాతం కమీషన్ అడుగుతున్నారు, అమ్మేవారి నుంచి ఎంత తీసుకుంటున్నారో చెప్పరు. కాగితాలు చూడకుండా పైసా కూడా ఇవ్వకూడదని నా పట్టుదల. ఇల్లు చేజారుతుందేమోనని అమ్మ బెంగ.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు జరిపించే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మరి ఇలాంటి పాత ఫ్లాటు చేతులు మారేటప్పుడు, ఏజెంటుకు ఆ రెరా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే చాలా?

ఆ చుట్టుపక్కల ఈమధ్య ఇల్లు కొన్నవారు దయచేసి చెప్పండి. టోకెన్‌కు ముందే కాగితాలు చూపించే ఏజెంట్లు దొరుకుతున్నారా? కమీషన్ మొత్తం ఫ్లాటు రిజిస్ట్రేషన్ రోజునే ఇస్తామంటే ఒప్పుకుంటారా? ఏజెంటు పంపే లాయరు కాకుండా, మనమే వేరే లాయరుకు డాక్యుమెంట్లు చూపిస్తే ఎంత ఖర్చవుతుంది? శనివారంలోగా ఏజెంటుకు జవాబు చెప్పాలి.