ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, బీపీ బాగానే ఉంది - కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకపోవడం సరైనదేనా?

ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా అన్నయ్యకి కాలు విరిగి ఆపరేషన్ అయింది, మంచం మీదే ఉన్నాడు, నిన్న బాత్రూమ్‌కి వెళ్లొచ్చేసరికి ఒక్కసారిగా ఆయాసం, ఊపిరి గట్టిగా పీలిస్తే కుడి పక్క పొడిచినట్టు నొప్పి. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఆక్సిజన్ 89, నాడి 120, బీపీ మాత్రం 118/76. డి-డైమర్ (ఒంట్లో రక్తం గడ్డకట్టిందేమో సూచించే రక్త పరీక్ష) చేయకుండా నేరుగా సీటీ తీశారు; ఆపరేషన్ తర్వాత అది ఎలాగూ పెరిగే ఉంటుంది, దాంతో తేలేదేమీ లేదన్నారు, నాకూ సబబుగానే అనిపించింది. రెండు వైపులా గడ్డలున్నాయి. ఎకోలో గుండె కుడి వైపు ఉబ్బింది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా పెరిగింది.

ఇప్పుడు హెపారిన్ ఇస్తున్నారు. అది ఉన్న గడ్డని కరిగించదట, ఇంకా పెరగకుండా ఆపుతుందట, మిగతాది ఒళ్లే చూసుకుంటుందట. మరి కరిగించే ఇంజెక్షన్ ఎందుకివ్వరు అంటే బీపీ పడిపోతేనే అన్నారు, మెదడులో రక్తస్రావం కావొచ్చు, పైగా ఆపరేషన్ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2014లో వచ్చిన పెయితో (PEITHO) అనే అధ్యయనం గురించి చదివాను, ఇలాంటివాళ్లలో గడ్డ కరిగించే మందు పరిస్థితి విషమించడాన్ని తగ్గించింది గానీ స్ట్రోకులు, పెద్ద రక్తస్రావాలు పెంచిందట. సరే, ఆ భయం అర్థమైంది. కానీ బీపీ పడేదాకా చూస్తూ కూర్చోవడమేనా? మానిటర్‌లో ముందుగా ఏది మారుతుంది, నాడా, ఆక్సిజనా? కాథెటర్‌తో గడ్డ లాగేసే పద్ధతి ఇలాంటివాళ్లకి చేస్తారా, ఇక్కడ అది లేకపోతే టెన్షన్ పెట్టుకుని కూర్చోకుండా ఇప్పుడే వేరే ఆసుపత్రికి మార్చమని అడగాలా?