ఆఫీసులో మంచి ఫిల్టర్ కాఫీ, రాత్రికి మంచి నిద్ర: రెండూ కుదిరే మార్గం ఉందా?

ప్రశ్న: మాదాపూర్ వాసి

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. ఉదయం లాప్‌టాప్ తెరవకముందు, ఎవరి సందేశమూ చదవకముందు, ఫిల్టరులో దిగిన చిక్కటి డికాక్షన్‌లో పొంగిన పాలు పోసుకుని నిదానంగా తాగే ఆ కాసేపు నాకు రోజు మొత్తంలో ఎంతో ఇష్టమైన సమయం. చిక్కంతా ఆఫీసుకు వెళ్ళాకే మొదలవుతుంది. మా అంతస్తులో ఉన్న యంత్రం బొత్తాం నొక్కగానే పాలపొడి, పంచదార, ఇన్‌స్టంట్ పొడి కలిసిన ద్రవాన్ని కాగితపు కప్పులో పోస్తుంది. అందులో వేడి ఉంటుంది, తీపి ఉంటుంది, కాఫీ వాసన మాత్రం ఉండదు. మధ్యాహ్నం పూట, అంతుపట్టని లోపం వెతుకుతూ కూర్చున్నప్పుడు, ఆ కప్పు చేతికి వస్తే నిజంగా మనసు చివుక్కుమంటుంది.

రెండో ఇబ్బంది సాయంత్రం సమావేశం. న్యూయార్క్ బృందంతో మాకు రాత్రి 7:30కి కాల్ ఉంటుంది. నవంబరులో వాళ్ళు గడియారాలు వెనక్కి జరుపుకోగానే అది 8:30కి మారుతుంది. కాఫీ తాగితే చర్చలో చురుగ్గా ఉంటాను, కానీ అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడదు. ఆఫీసులో మంచి కాఫీ ఎలా కలుపుకోవాలో, దాన్ని ఏ వేళకు తాగితే నిద్ర చెడదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: బెజవాడ డికాక్షన్

మీ ఆఫీసులో పాలు వేడి చేసుకునే వీలుంటే సగం పని అయిపోయినట్టే. ఫిల్టర్ కాఫీలో తీరిగ్గా జరగాల్సింది డికాక్షన్ దిగడం ఒక్కటే కనుక, దాన్ని రాత్రి ఇంట్లోనే ముగించుకుంటే ఆఫీసులో మిగిలేది పాలు కాచి కలుపుకోవడమే.

పై గిన్నెలో మూడు పెద్ద చెంచాల పొడి వేసి, గిన్నెను పక్కల తట్టి మట్టం చేయండి, వేలితో అదమకండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళను పొడి మీద బరువు మోపకుండా ఆనించండి. నీళ్ళు మరిగాక పొయ్యి మీద నుంచి దించి, అర నిమిషం ఆగి, మొదట పొడి తడిసేంత మాత్రమే పోయండి. పొడి తాజాదైతే బుడగలు లేస్తాయి. గింజలు వేయించినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అలా బయటికి వస్తుంది. ఆ బుడగలు అణిగాక మిగిలిన నీళ్ళు, మొత్తం మీద ముప్పావు గ్లాసు, పోసి మూత పెట్టి పడుకోండి. ఈ తొందరపడని దిగుడులోనే రుచి అంతా ఉందని నా గట్టి నమ్మకం. చుక్క బొత్తిగా దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉందనో, చిల్లులు పూడుకుపోయాయనో అర్థం. స్టీలు ఫిల్టరైతే ఖాళీ గిన్నె అడుగును గ్యాస్ మంట మీద కాసేపు పట్టుకుంటే ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది.

ఉదయం ఆ డికాక్షన్‌ను చిన్న గాజు సీసాలో పోసి గట్టిగా మూత బిగించి తీసుకెళ్ళి, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకోండి. డికాక్షన్‌ను మాత్రం ఎప్పుడూ మరిగించకండి, చేదెక్కుతుంది. పాలనే బాగా పొంగనిచ్చి దాని మీద పోయండి. ఇంట్లోనే కలిపేసి ఫ్లాస్కులో తెచ్చుకునేవారు ఉన్నారు గానీ, గంటల తరబడి వేడిలో ఉన్న పాలకు వాసన మారిపోతుంది కాబట్టి నేను ఆ పద్ధతిని సమర్థించను.

జవాబు: రాత్రి షిఫ్టు

నిద్ర విషయం నేను చెబుతాను. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పేరుకుంటూ నిద్రమత్తు కలిగించే అడినోసిన్ అనే పదార్థానికి కెఫీన్ అడ్డుపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో తాగిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. అంటే మీరు రాత్రి 8 గంటలకు తాగినదానిలో సగం ఒంటిగంటకు కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్రకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గుతుందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. భోజనానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట కాఫీ, టీలు వద్దని కూడా అందులో ఉంది, ఎందుకంటే వీటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఒంటిగంటకు భోంచేసేవారికి మధ్యాహ్నం 2:30 సరైన వేళ. సాయంత్రం కప్పును మాత్రం మానేయమని మీ మేలు కోరే చెబుతున్నాను. కాల్‌కు ముందు కాసేపు మెట్లెక్కి దిగినా, ముఖం కడుక్కుని బయట నడిచినా మీకు కావలసిన చురుకు చాలావరకు వస్తుంది.

జవాబు: అరకు లోయ

పొడి ఎంపిక కూడా నిద్రకు సంబంధించినదే. రోబస్టా గింజలో అరబికాకంటే దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. మా అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి, పండించేది అరబికా; 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని లేతగా వేయించిన పొడిలో ఉండే పులుపు పాలతో కుదరదు, కాబట్టి ఫిల్టరుకు కాస్త ముదురుగా వేయించినది అడగండి.

మాదాపూర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. మధ్యాహ్నం కాఫీని 2:30కి జరుపుతాను, సీసా కూడా సిద్ధం చేసుకుంటాను. చికోరీ ఎంత కలపమంటారు? అది ఆరోగ్యానికి మంచిది కాదని మా బృందంలో ఒకరు అంటున్నారు.

బెజవాడ డికాక్షన్

చికోరీ ఒక మొక్క వేరు; దాన్ని వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ ఉండదు. డికాక్షన్‌కు రంగు, చిక్కదనం ఇస్తుంది, ఎక్కువైతే కాఫీ వాసనను మింగేస్తుంది. మన దేశ నిబంధనల ప్రకారం చికోరీ 49 శాతం దాకా ఉండవచ్చు కాబట్టి, ప్యాకెట్ మీద నిష్పత్తి చదవకుండా కొనవద్దు. పాలతో తాగేవారికి వందకు 15 లేదా 20 పాళ్ళు చాలు. మీ ఎదుటే గింజలు మర ఆడించే దుకాణం దగ్గరలో ఉంటే, ఫిల్టరుకు అని చెప్పి వారానికి సరిపడా మాత్రమే ఆడించుకోండి.