సాలీడు కళ్లు బాగా వస్తే కాళ్లు మసక... ఫ్లాష్ సంగతి ఎవరైనా చెప్పరా?

మా పెరట్లో కరివేపాకు చెట్టు మీద గెంతే సాలీళ్లు చాలా ఉన్నాయి. ఒక్కోటి అర సెంటీమీటరు కూడా ఉండదు, కానీ ముందున్న రెండు పెద్ద కళ్లతో మనల్నే తేరిపార చూస్తుంది. ఆ చూపు ఫోటోలో పట్టాలని రెండు నెలలుగా తిప్పలు పడుతున్నాను.

నా దగ్గర కెనాన్ 200డి కెమెరా, 55-250 జూమ్ లెన్సు ఉన్నాయి. లెన్సు ముందు రేనాక్స్ డీసీఆర్-250 (చిన్నవాటిని పెద్దగా చూపే అదనపు లెన్సు) తగిలించాను. సుమారు 12 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తే గానీ ఫోకస్ కుదరదు. అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/11, షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ 400 పెడుతున్నా. కళ్లు బాగానే వస్తున్నాయి, కాళ్లే మసక. కాళ్లూ స్పష్టంగా రావాలని రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్/22కి వెళ్తే ఫోటో మొత్తం పదును పోతోంది.

అసలు బాధ వెలుతురుతోనే. కెమెరా మీది ఫ్లాష్ వేస్తే లెన్సు నీడ సాలీడు మీద పడుతోంది. నీడ తప్పించినా ఒంటి మీద తెల్లటి మెరుపు. పాల ప్యాకెట్ కవరు అడ్డుపెట్టి చూశాను (మా అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది). కొంచెం నయమే గానీ చాలదు. విడిగా ఫ్లాష్ కొని, లెన్సు చివరిదాకా వచ్చేలా డిఫ్యూజర్ (వెలుతురును మెత్తబరిచే తెర) చేసుకోవాలా? దానికి పల్చటి థర్మోకోల్ మంచిదా, ట్రేసింగ్ పేపరా?

ఇంకొకటి. పొద్దున్నే అవి కదలకుండా ఉన్నప్పుడు చేత్తోనే ఒక్కోసారి ఒక్కో చోట ఫోకస్ చేస్తూ పది ఫ్రేములు తీసి స్టాకింగ్ చేస్తే (అన్నిటినీ ఒకే ఫోటోగా కలిపితే) కుదురుతుందా, ట్రైపాడ్ తప్పదా? అవి కదలకుండా ఉండేలా పట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీయమని ఒకాయన సలహా ఇచ్చాడు. అది మాత్రం నా వల్ల కాదు.