జగత్తు మిథ్య అయితే మోకాలి నొప్పి ఎవరిది?

ప్రశ్న: మా వీధి గుళ్ళో మాండూక్యోపనిషత్తు పాఠానికి వెళ్తున్నాను. ఉన్నవి 12 మంత్రాలే గానీ బుర్ర వేడెక్కిపోతోంది. చాప మీద గంట కూర్చుంటే కుడి మోకాలు సలుపు. గురువుగారేమో "నువ్వు దేహం కాదు" అంటారు. మరి బామ్ ఎవరికి రాయాలి? వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతున్నా.

జవాబు: మోకాలికే రాయండి! ప్రపంచం కుందేటి కొమ్ములా బొత్తిగా లేనిదని శంకరులు అనలేదు. బ్రహ్మజ్ఞానం కలిగేదాకా వ్యవహారమంతా సత్యమే అని బ్రహ్మసూత్ర భాష్యంలో రాశారు. నొప్పీ మందూ రెండూ వ్యావహారికమే, అంటే రోజువారీ బతుకు స్థాయిలో నిజమే, అందుకే మందు పనిచేస్తుంది.

జవాబు: పనిచేసినంత మాత్రాన నిజమైపోతుందా సార్? మాండూక్యం మీద గౌడపాదులు రాసిన వివరణ శ్లోకాలు, అదే గౌడపాద కారికలు, వాటి రెండో ప్రకరణం, దాని భాష్యం చూడండి. కడుపునిండా తిని పడుకున్నవాడికి కలలో ఆకలేస్తుంది. మెలకువలో తిన్న అన్నం అక్కడ చెల్లదు.

జవాబు: వాదం సరే, "నేను దేహం కాదు" అని బోధించిన రమణ మహర్షిని చూడండి. ఎడమచేతి కణితికి 1949లో ఆపరేషన్లు చేయనిచ్చారు. చెయ్యి తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ థాంక్సండీ. రేపు కుర్చీ అడుగుతా. ఇంకోటి, గాఢనిద్రలో మోకాలూ లేదు, నేనూ లేను. లేచాక "హాయిగా పడుకున్నా" అని సాక్ష్యం చెప్పేదెవరు?