ఐక్యూ మార్కు చూసి పిలకాయల్ని సెక్షన్లుగా విడగొట్టొచ్చునా?

కొర్లగుంట నాన్న: తిరపతిలో మా పాప చదివే ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి పిలకాయలందర్నీ కంప్యూటర్ల ముందర కూర్చోబెట్టి ఐక్యూ టెస్టు పెట్టినారు, అంతా ఇంగ్లీషే, అరగంటలో అయిపోయింది. 110 దాటినోళ్ళకి ఫౌండేషన్ సెక్షనంట. మా పాపకి 92. పదేళ్ళ పిల్ల తెలివి ఇంతే అని ఒక నంబరుతో తేల్చేస్తారా?

పలమనేరు లెక్కల సారు: అన్నా, టెస్టుని తిట్టొద్దు. ఒకదాంట్లో బాగా చేసే పిల్లోడు మిగతావాటిల్లో కూడా బాగా చేసేదే ఎక్కువని స్పియర్‌మన్ అనే ఇంగ్లాండు సైకాలజిస్టు 1904లోనే చూపించినాడు. మార్కులకీ ఐక్యూకీ సంబంధం ఉండేది నిజమే. టీచరు మొహం చూసో, నాయన ఉద్యోగం చూసో సెక్షన్ వేసేదానికన్నా అందరికీ ఒకటే టెస్టు న్యాయం కదా?

క్లినికల్ సైకాలజీ స్టూడెంట్: సార్, ఆ సంబంధం తేలింది సరిగ్గా తయారైన టెస్టుల్తో, అరగంట ఆన్‌లైన్ క్విజ్‌తో కాదు. 100 సగటు, 15 స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకి అటూ ఇటూ స్కోర్లు ఎంత చెదిరుంటాయో చెప్పే లెక్క) అంటాం, 85 నుంచి 115 లోపల సుమారు 68 శాతం మంది ఉంటారు, అయితే ఆ 100 ఎవురి సగటు? యాడి పిలకాయల మీద నార్మ్స్, అంటే పోల్చి చూసేదానికి పెట్టుకునే లెక్కలు, కట్టినారు? ఇంకోటి, రిలయబిలిటీ (స్కోరు ఎంత నిలకడగా వస్తాదనే కొలత, నిండుగా ఉంటే 1) 0.90 ఉండే మంచి టెస్టులో కూడా 92 వచ్చిందంటే అసలు స్కోరు 83 నుంచి 101 దాకా యాడైనా ఉండొచ్చు, అట్లాంటప్పుడు 109 పిల్లకీ 111 పిల్లకీ మధ్యలో గోడ కట్టేది ఏం లెక్క సార్?

మేం ఒక్కో పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకోని చేస్తాం. ఎరుపు తెలుపు దిమ్మెలిచ్చి కార్డులో ఉండే డిజైన్ మాదిరి పేర్చమంటాం, చేతిలో స్టాప్‌వాచ్ ఉంటాది. భయపడి వదిలేసిందా, తిప్పి తిప్పి చూసిందా, టైం అయినాక కరెక్టుగా పెట్టిందా, అన్నీ రాసుకుంటాం. స్క్రీన్ మీద క్లిక్కుల్లో ఇదేదీ కనపడదు.

అసలు 1905లో పారిస్‌లో సైకాలజిస్టు బినే, ఆయన జతగాడు సిమోన్ తెలివి కొలిచే స్కేలు చేసిందే బడిలో ఎవురికి ఎక్కువ సాయం కావాలో కనుక్కునేదానికి. తెలివి పెరగదనే మాటని బినేనే గట్టిగా కాదన్నాడు.

నగరి పిల్లోడు: మా ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇంగ్లీషు మాటలకి అర్థాలడిగితే కొలిచేది తెలివినా, ఇంగ్లీషునా? బొమ్మల టెస్టు పెట్టొచ్చు కదా?

క్లినికల్ సైకాలజీ స్టూడెంట్: రావెన్ మాట్రిసెస్ అట్లాంటిదే, 1938 నుంచి ఉంది, మాటల్తో పని తక్కువ. దానిమీద కూడా చదువు ప్రభావం ఉంటాది, గాని మీ మాట కరెక్టే. మన దేశం పరిశోధకుడు కామత్ గారు 1934 నాటికే బినే టెస్టుని కన్నడ, మరాఠీ పిల్లలకి సరిపోయేటట్టు మార్చినారు. భాష ముఖ్యమని మన దేశంలో అప్పుడే తెలుసు.

పలమనేరు లెక్కల సారు: సరేమ్మా, భాష సంగతి ఒప్పుకుంటా. అయినా అరవై మంది ఉండే క్లాసులో ఎవురికి ఏం చెప్పాలో స్కూలోళ్ళకి ఏదో ఒక కొలత కావాల్నే.

క్లినికల్ సైకాలజీ స్టూడెంట్: లెక్కల్లో వెనకబడినోళ్ళని చూడాలంటే లెక్కల టెస్టే పెట్టండి సార్, మూడు నెలలకి మళ్ళా పెట్టండి. దానికి ఐక్యూ అని పేరెందుకు? నాన్నగారూ, టెస్టు పేరేంది, నార్మ్స్ ఎవురివి, ఎవురు చేసినారు, ఈ మూడూ రాతలో అడగండి.

కొర్లగుంట నాన్న: శనివారం పేరెంట్స్ మీటింగుంది, నాతో పాటు ఇంకో నలుగురు సంతకం పెడతామన్నారు.